ఫిర్యాదు పెట్టిన పిల్ల పరీక్ష రాసిందా?

కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ బృందం వస్తుందనగానే కాలేజీల నుంచి నాకు ఫోన్లు ఎక్కువవుతాయి. నేను నల్గొండ కోర్టులో వకీలును. జిల్లాలో కొన్ని డిగ్రీ కాలేజీల్లో లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత ఫిర్యాదుల కమిటీల్లో బయటి సభ్యురాలిని. ఆ మధ్య ఒక కాలేజీ క్లర్కు బండి మీద మా ఇంటికే వచ్చి సంచిలోంచి రిజిస్టరు తీశాడు. ఏడాది పొడుగునా జరిగినట్టు మీటింగుల మినిట్స్ రాసి ఉన్నాయి. ఒకటే కలం, ఒకటే చేతిరాత. ప్రతి పేజీ చివర ఒకటే వాక్యం: "ఫిర్యాదులేవీ అందలేదు." నా పేరు పక్కన పెన్సిల్‌తో చిన్న ఇంటూ గుర్తు.

"గుర్తున్న కాడ సంతకాలు పెడితే అయిపాయె మేడం. సార్ పొద్దుగాల్నుంచి తొందర పెడుతున్నడు" అన్నాడు.

పెట్టలేదు. జరగని మీటింగుకు సంతకం చేయనని, ఈ నెలలోనే ఒక మీటింగు నిజంగా పెట్టమని చీటీ రాసి పంపాను. ఆ క్లర్కు మీద నాకు కోపం లేదు, చెప్పిన పని చేయడానికి వచ్చాడు. కోపమంతా ఆ వాక్యం మీదే. వందల మంది ఆడపిల్లలు చదివే చోట ఏడాదంతా ఒక్క ఫిర్యాదూ రాలేదంటే, అది వచ్చే తోవ ఎక్కడో మూసుకుపోయిందనే నేను అనుకుంటాను.

ముందే ఒక మాట. కమిటీల ముందుకొచ్చిన కేసుల గురించి ఇక్కడ ఒక్క ముక్క కూడా రాయను. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 నాటి చట్టంలో 16వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదు చేసినామె పేరు, ఎదుటి మనిషి పేరు, సాక్షుల పేర్లు, విచారణలో ఎవరేమన్నారన్నది బయటికి రాకూడదు. ఉండవలసిన నియమమే అది. కాబట్టి నేను రాసేదంతా కేసుల చుట్టూ ఉండే కాయితాలు, గదులు, ఫోన్లు, బస్సుల గురించి.

నేను డిగ్రీ చదివేటప్పుడు ఈ కమిటీలు లేవు. రాజస్థాన్‌లో బాల్య వివాహం ఆపబోయినందుకు భన్వరీదేవి మీద 1992లో సామూహిక అత్యాచారం జరిగింది. ఆ తర్వాత మహిళా సంఘాలు వేసిన పిటిషన్‌లో సుప్రీంకోర్టు 1997 ఆగస్టులో విశాఖ తీర్పు ఇచ్చింది. పనిచేసే ప్రతి చోటా ఫిర్యాదుల కమిటీ ఉండాలని మొదటిసారి చెప్పింది ఆ తీర్పే. అప్పటికి మేం డిగ్రీలోనే ఉన్నాం గానీ ఆ సంగతి మా కాలేజీ దాకా రాలేదు.

నాతో ఒకే బస్సులో వచ్చి, ఒకే బెంచీ మీద కూర్చునే పిల్ల ఒకతి ఉండేది. మునుగోడు వైపు ఊరు. లెక్కల్లో నాకంటే చురుకు. ల్యాబ్‌లో ఒక సార్ ఆమెను రికార్డు దిద్దుతానని ఒంటరిగా ఆపేవాడు. ప్రాక్టికల్స్ మార్కులు తన చేతిలోనే ఉన్నాయని మాటిమాటికీ గుర్తు చేసేవాడు. ఒకరోజు చెయ్యి పట్టుకున్నాడు. ఆమె ధైర్యం చేసి ఒక మేడంకు చెప్పింది, మేడం ప్రిన్సిపాల్‌కు చెప్పింది. ప్రిన్సిపాల్ మంచి మనిషే. ఆడపిల్ల విషయం, ఇంట్లోవాళ్లకు తెలియాలి కదా అని వాళ్ల నాయినను పిలిపించాడు. భుజం మీద తువ్వాలతో ఆయన ఆఫీసు బయట నిలబడి ఉండడం నేను చూశాను. లోపల ఏం మాట్లాడుకున్నారో తెలియదు. బయటికొచ్చేసరికి ఆయన చేతిలో సర్టిఫికెట్లున్నాయి. "చాలు బిడ్డా, ఇంటికి పోదాం పా" అన్నాడు. ఆ వైశాఖంలో పెండ్లి చేశారు.

ఆమె చెప్పింది అబద్ధమని ఎవరూ అనలేదు. ఎవరూ ఆమెను తిట్టలేదు. అందరూ ఆమె మంచి కోసమే చేశారు. ఆ ఏడు మా ప్రాక్టికల్స్‌కు ఆ సారే వచ్చాడు. నా రికార్డు మీద సంతకం పెట్టింది కూడా ఆయనే.

అందుకే ఏ కాలేజీ నియమాలు నా ముందు పెట్టినా ఒక్క ప్రశ్నతోనే చదువుతాను: ఇక్కడ ఫిర్యాదు పెట్టిన పిల్ల, అదే కాలేజీలో, సెమిస్టర్ పరీక్ష రాయగలుగుతుందా? నిందితుడికి ఏం శిక్ష పడిందన్నది నాకు దాని తర్వాతి సంగతి. మా దిక్కు పిల్లలు నోరు విప్పకపోవడానికి కారణం ఆ మనిషి భయమొక్కటే అయితే ఎప్పుడో విప్పేవాళ్లు. ఇంట్లో తెలిస్తే చదువు మాన్పిస్తారన్న భయం దానికంటే పెద్దది. దేవరకొండ తండాల నుంచి, అచ్చంపేట, కొల్లాపూర్ వైపు ఊళ్ల నుంచి వచ్చే పిల్లల్లో చాలామంది ఆ ఇంట్లో డిగ్రీ గడప తొక్కిన మొదటి ఆడపిల్లలు. వాళ్ల చదువు ఎప్పుడూ ఒక్క మాట దూరంలోనే ఆగిపోయేట్టు ఉంటుంది.

నియమాలు లేవా అంటే, మంచివే ఉన్నాయి. కాలేజీల్లో లైంగిక వేధింపుల మీద విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) చేసిన 2015 నిబంధనలు 2016 మే 2న అమల్లోకి వచ్చాయి. నల్గొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయానికైనా, పాలమూరు విశ్వవిద్యాలయానికైనా, వాటి కింద నడిచే డిగ్రీ కాలేజీలకైనా ఇవే వర్తిస్తాయి. కమిటీకి అధ్యక్షత వహించేది సీనియర్ మహిళా అధ్యాపకురాలు. ఇద్దరు అధ్యాపకులు, ఇద్దరు బోధనేతర సిబ్బంది, నాలాంటి బయటి మనిషి ఒకరు. విద్యార్థుల సంగతైతే ముగ్గురు విద్యార్థులు కూడా కూర్చోవాలి. సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు. వీసీ, రిజిస్ట్రార్, డీన్, విభాగాధిపతి లాంటి పదవుల్లో ఉన్నవాళ్లు కమిటీలో ఉండకూడదు. ఎందుకో చెప్పనక్కర్లేదు. ఆ ముగ్గురు విద్యార్థులనూ ఎన్నుకోవాలని నిబంధన. మన కాలేజీల్లో విద్యార్థి ఎన్నికలే లేకుండా పోయి ఎన్నో ఏళ్లయింది, ఇక ఈ ముగ్గురినీ ప్రిన్సిపాల్ గారే ఎంచుతారు. ఎంచేది ఎవరిని? ఎదురు మాట్లాడని పిల్లలను. ఇది మారాలని ప్రతి మీటింగులో అడుగుతున్నాను.

ఇక ఇంటికి పోయే మొదటి ఫోన్ సంగతి. పిల్ల వచ్చి చెప్పగానే ప్రిన్సిపాల్ చెయ్యి ఫోన్ మీదికి పోతుంది, "ముందు వాళ్ల పేరెంట్స్‌ను పిలుద్దాం." పద్దెనిమిదేళ్లు నిండిన అమ్మాయి ఇంటికి కబురు పెట్టాలని నిబంధనల్లో ఎక్కడా లేదు. ఆమె వివరాలు గోప్యంగా ఉంచాలనే ఉంది. చెప్పాలా వద్దా, చెబితే ఎవరికి, ఎప్పుడు అన్నది ఆమె ఇష్టం. ఒక్కోసారి అమ్మకు కాకుండా అక్కకు చెప్పుకుంటుంది, మేనత్తకు చెప్పుకుంటుంది. ఆ వ్యవధి ఆమెకు ఇవ్వాలి. "రేపు ఏమన్నా అయితే మా మీదికి రాదా మేడం?" అని అడుగుతారు సార్లు. ఆ భయం నాకు అర్థమవుతుంది. జవాబు మాత్రం ఒకటే: కమిటీ ముందుకు తీసుకుపోయి, చట్టం చెప్పినట్టు నడిపితే మీ మీదికి ఏదీ రాదు.

ఇంటర్ కాలేజీల సంగతి వేరు. అక్కడ ఉన్నది మైనర్లు. డిగ్రీ మొదటి ఏడులోనూ పదిహేడేళ్ల పిల్లలుంటారు. వాళ్ల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 19వ సెక్షన్ కింద పోలీసులకు చెప్పి తీరాలి. సంస్థ నడిపేవాళ్లు తమ సిబ్బంది చేసిన నేరాన్ని దాచిపెడితే వాళ్లకూ జైలే. "లోపల్లోపల సర్దుకుందాం" అన్న మాటకు అక్కడ తావు లేదు.

ఫిర్యాదు అందిన రోజు నుంచి విచారణ అయ్యేదాకా ఏం చేయాలన్న దాని మీద నిబంధనల్లో ఉన్న భాగాన్నే మన కాలేజీలు తక్కువ చదువుతాయి. నాకు మాత్రం అన్నిటికంటే విలువైన భాగం అదే. ఎదుటి మనిషి ఆమె పేపర్లు దిద్దకూడదని, ఆమె పని మీద రిపోర్టు ఇవ్వకూడదని కమిటీ సిఫారసు చేయొచ్చు. ఇద్దరిలో ఒకరిని వేరే సెక్షన్‌కో విభాగానికో మార్చమనొచ్చు. ఆమెకు మూడు నెలల దాకా సెలవు ఇప్పించొచ్చు, దాని వల్ల ఆమె పోగొట్టుకునేది ఏమీ ఉండకూడదు. ఆమెకు దూరంగా ఉండమని అతన్ని హెచ్చరించొచ్చు. నిజంగా ప్రమాదముంటే క్యాంపస్‌లోకే రానివ్వకుండా ఆపొచ్చు.

ఇదంతా కాయితం మీద చక్కగా ఉంది. కాలేజీ ఆఫీసులో అమలు ఎట్లాగో చూద్దాం. సెలవు ఇచ్చారు సరే, హాజరు సంగతేమిటి? 75 శాతం లేకపోతే హాల్‌టికెట్‌కూ తిప్పలే, ఫీజు రీయింబర్స్‌మెంట్‌కూ తిప్పలే. ప్రిన్సిపాల్ రాతపూర్వకంగా ఉత్తర్వు ఇచ్చి, దాని నకలు పరీక్షల విభాగానికి పోతే తప్ప ఆ సెలవు ఆమె మెడకే చుట్టుకుంటుంది. సార్ ఆమె పేపరు దిద్దకూడదన్నారు సరే, చిన్న కాలేజీలో ఆ సబ్జెక్టుకు ఒక్కడే సార్ ఉంటే? పక్క కాలేజీ నుంచి మనిషిని పిలిపించి ప్రాక్టికల్స్ పెట్టించవచ్చు, ఒక ఉత్తరంతో అయ్యే పని. సెక్షన్ మార్చేటప్పుడు కూడా చూశాను, ఎప్పుడూ మారేది అమ్మాయే. "ఆమెకే మంచిది కదా" అంటారు. దోస్తులు ఈ సెక్షన్‌లో, నోట్సు ఈ సెక్షన్‌లో, తను మాత్రం ఆ సెక్షన్‌లో. అతన్ని మార్చండి అని నేను రాయిస్తాను. ఇక కాలేజీయే మారాలనుకుంటే టీసీ కావాలి. రీయింబర్స్‌మెంట్ బకాయిలు వచ్చేదాకా సర్టిఫికెట్లు ఇవ్వని ప్రైవేటు కాలేజీలు ఎన్నో. ఫిర్యాదు చేసిన పిల్ల ఆ బకాయిల కింద ఇరుక్కుంటే కాలేజీలో ఉండలేదు, పోనూ పోలేదు. అట్లాంటప్పుడు బకాయితో సంబంధం లేకుండా టీసీ ఇవ్వాలని ప్రతి కాలేజీ తన విధానంలోనే రాసుకోవాలి. ఇది నా డిమాండు.

ఫిర్యాదు పెట్టెల గురించీ చెప్పాలి. ఒక కాలేజీలో ఆ పెట్టె ప్రిన్సిపాల్ గది తలుపు పక్కనే గోడకు ఉంది, సరిగ్గా దాని మీదే సీసీ కెమెరా. తాళం చెవి ఆఫీసు సూపరింటెండెంట్ దగ్గర. కెమెరా ముందు నిలబడి, అటెండరు చూస్తుండగా, ఏ పిల్ల చీటీ వేస్తుంది? పెట్టెను ఆడపిల్లల వెయిటింగ్ హాల్లోకి మార్పించాం, తాళం చెవి కమిటీ అధ్యక్షురాలైన ప్రిసైడింగ్ ఆఫీసర్ మేడంకు ఇప్పించాం. గోడ మీద బోర్డు ఇంగ్లీషులో ఉండేది, అందులో మొదటి పేరున్న మేడం బదిలీ అయి పోయారు కూడా. ఇప్పుడు తెలుగులో రాయించారు, ఫోన్ నంబరుతో సహా. ఫిర్యాదు తెలుగులో రాస్తే చాలు. రాయడం కష్టమైతే రాసిపెట్టడం కమిటీ బాధ్యత. జరిగిన మూడు నెలల లోపు ఇవ్వాలి. కారణముంటే మరో మూడు నెలలు కమిటీ పొడిగించగలదు. ఒంట్లో బాగాలేకో, మనసు కుదుటపడకో ఆమె ఇవ్వలేని స్థితిలో ఉంటే దోస్తో బంధువో ఆమె తరఫున ఇవ్వొచ్చు.

క్యాంపస్ అంటే కాంపౌండ్ గోడ లోపలే అనుకుంటారు చాలామంది. చండూరు నుంచి పిల్లలను తెచ్చే కాలేజీ బస్సు కూడా నిబంధనల ప్రకారం క్యాంపసే. ఎన్ఎస్ఎస్ క్యాంపు వేసిన ఊరి బడి, సాగర్ టూరు, ఇంటర్న్‌షిప్ చేసే చోటు, ఆటల పోటీలకు పోయిన ఊరు, అన్నీ అందులోకే వస్తాయి. బస్సు క్లీనరు వెకిలి వేషాలు వేసినా కమిటీ వినాల్సిందే. ఆర్టీసీ బస్సు మాత్రం కాలేజీది కాదు. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు టికెట్ లేకుండా అయినంక మా పిల్లలు ఎక్కువగా దాంట్లోనే వస్తున్నారు. పొద్దున బస్సుల్లో కాలు పెట్టే సందుండదు. అందులో జరిగేదానికి పోలీసుల షీ టీమ్ ఉంది, అత్యవసర నంబరు 112 ఉంది. ఎవరి దగ్గరికి పోవాలో పిల్లలకు ముందే తెలిసి ఉండాలి కాబట్టి, మొదటి సెమిస్టర్ మొదటి వారంలోనే వాళ్లను కూర్చోబెట్టి ఇది చెప్పమంటాను.

హాస్టళ్ల సంగతికొస్తే మనసు మండుతుంది. ఎక్కడ ఏం జరిగినా మొదట పడేది ఆడపిల్లల హాస్టల్ గేటే. 2019 నవంబరులో షాద్‌నగర్ దగ్గర పశువైద్యురాలి మీద ఆ ఘోరం జరిగాక ఎంతమంది తండ్రులు బిడ్డల చదువు మాన్పించాలా అని నన్ను అడిగారో. పొద్దుగూకకముందే గేట్లు మూసిన హాస్టళ్లు నాకు తెలుసు. మగపిల్లల హాస్టల్ గేటు మాత్రం ఎప్పటిలాగే. భద్రత పేరు చెప్పి మగపిల్లలకు లేని ఆంక్షలు ఆడపిల్లలకు పెట్టకూడదని యూజీసీ నిబంధనల్లో స్పష్టంగా ఉంది. తోవలో దీపాలు, మహిళా సెక్యూరిటీ సిబ్బంది, హాస్టల్‌కూ లైబ్రరీకీ మధ్య నమ్మకమైన బండి ఏర్పాటు, ఇవి అడిగింది ఆ నిబంధన. దీపం పెట్టడానికి డబ్బు కావాలి, గేటు మూయడానికి ఒక తాళం చాలు.

విచారణ గదిలో నేను గట్టిగా పట్టుబట్టేవి కొన్నే. ఇద్దరినీ ఒకే వరండాలో కూర్చోబెట్టొద్దు. "ఆ టైంల అక్కడికెందుకు పోయినవ్ అమ్మా?" అన్న ప్రశ్న ఎవరి నోట వచ్చినా అక్కడే ఆపుతాను. లైబ్రరీకి ఎందుకు పోయావని విద్యార్థిని అడగడమేంటి? వకీళ్లను పెట్టుకుని వాదించే చోటు కాదది, మామూలు మాటల్లో జరగాలి. ఫిర్యాదు నకలు ఏడు రోజుల్లో ఎదుటి మనిషికి చేరాలి, అతను జవాబివ్వడానికి పది రోజులు, విచారణకు 90 రోజులు. కమిటీ నివేదిక మీద సంస్థ 30 రోజుల్లో చర్య తీసుకోవాలి.

అతని మాట కూడా సరిగ్గా వినాలి. గోవా విశ్వవిద్యాలయంలో ఒక విభాగాధిపతి మీద 2009లో వచ్చిన ఫిర్యాదులు సుప్రీంకోర్టు దాకా పోయాయి. కమిటీ హడావుడిగా విచారణ ముగించిందని, అతనికి తగినంత అవకాశం ఇవ్వలేదని 2023 మే 12న కోర్టు మళ్లీ విచారించమంది. పద్నాలుగేళ్ల తర్వాత! ఆ ఫిర్యాదులు చేసిన అమ్మాయిలను తలచుకోండి. తొందరపాటు ఫిర్యాదు చేసినామెకూ అన్యాయమే చేస్తుంది. మగపిల్లల తల్లిదండ్రులు "అబద్ధపు కేసైతే ఎట్లా?" అని అడుగుతారు. కావాలని అబద్ధం చెప్పినట్టు విచారణలో తేలితే దానికీ చర్య ఉంది. రుజువు దొరకలేదన్నంత మాత్రాన అది అబద్ధమైపోదని కూడా అదే నిబంధన అంటుంది.

2025 జూలైలో ఒడిశాలోని బాలేశ్వర్‌లో ఇరవై ఏళ్ల బీఎడ్ విద్యార్థిని తన విభాగాధిపతి మీద ఫిర్యాదు చేసి, ఎవరూ వినడం లేదన్న నిరాశలో ప్రాణం తీసుకుంది. ఆ కాలేజీలో కమిటీ ఉంది. ఆ పిల్ల కమిటీ దాకా పోయింది కూడా. ఆ తర్వాత విభాగాధిపతినీ ప్రిన్సిపాల్‌నూ పోలీసులు అరెస్టు చేశారు. ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మరునాడు నేనున్న కమిటీల మేడంలందరికీ ఫోన్ చేసి, ఫిర్యాదు ఇచ్చిన పిల్లతో వారానికి ఒకసారైనా ఎవరో ఒకరు మాట్లాడే ఏర్పాటు చేయమని అడిగాను. అన్నం తింటోందా, క్లాసుకొస్తోందా, ఎవరైనా సూటిపోటి మాటలంటున్నారా అని. నిబంధనల్లో దీనికి వేరే ఫారం లేదు, ఫోన్ ఉంటే చాలు.

అత్యాచారం లాంటి నేరమైతే కమిటీతో ఆగేది కాదు. నేరం జరిగిన చోటు తన పరిధిలోకి రాకపోయినా ఏ స్టేషన్లోనైనా రాసుకునే జీరో ఎఫ్ఐఆర్ రాయించుకోవచ్చు. ప్రభుత్వ ఆసుపత్రైనా ప్రైవేటైనా వెంటనే ఉచితంగా వైద్యం చేయాల్సిందే. మహిళల హెల్ప్‌లైన్ 181కు ఫోన్ చేస్తే బాధితులకు సాయం చేసే సఖి కేంద్రం వాళ్లు అందుకుంటారు. ఆమె పోలీసు ఫిర్యాదు ఇవ్వాలనుకుంటే దానికి సాయం చేయడం కాలేజీ బాధ్యతల్లో ఒకటి. కాలేజీ నడిపే కరస్పాండెంటే నిందితుడైతే జిల్లాలో కలెక్టర్ కింద స్థానిక కమిటీ ఉంటుంది. ఉద్యోగంతో, వయసుతో పనిలేకుండా ఏ మహిళైనా అక్కడికి పోవచ్చు.

డిగ్రీ సీట్లకు ఆన్‌లైన్‌లో జరిగే దోస్త్ అడ్మిషన్ల రోజుల్లో కోర్టు దగ్గర తండ్రులు నన్ను ఆపి, ఏ కాలేజీ మంచిదని అడుగుతుంటారు. రిజల్ట్స్, బస్సు, హాస్టల్ తిండి, అన్నీ వాళ్లే చూసుకుంటారు. నేను చెప్పేది, ఆఫీసులో కమిటీ ప్రిసైడింగ్ ఆఫీసర్ పేరు, నంబరు అడగండి, వెంటనే చెప్పగలరో లేదో చూడండి అని. అంతకంటే ముందు మీ బిడ్డకు ఒక మాట ఇవ్వండి, ఏమైనా జరిగి నాకు చెబితే చదువు మాన్పించనని. మొన్న జూన్‌లో నకిరేకల్ వైపు నుంచి వచ్చిన ఒక నాయిన నా ముందే బిడ్డకు ఫోన్ కలిపి, ఆ మాట ఆమెకు చెప్పి, ఆ తర్వాతే ఆప్షన్లు పెట్టించడానికి మీసేవకు పోయాడు.